దుర్యోధనుడి హక్కు ఎంతవరకు చెల్లుతుంది?

దుర్యోధనుడి మీద తెలుగువాళ్ల మధ్య వాదన మొదలైతే రెండు జట్లు తేలతాయి. ఒక జట్టుకు అతడు నిండుసభలో ద్రౌపదిని పరాభవించిన దుర్మార్గుడు. రెండో జట్టుకు రారాజు, అభిమానధనుడు, కర్ణుడిని కులం అడగకుండా అక్కున చేర్చుకున్నవాడు, పెద్దవాడి కొడుకై పుట్టి కూడా సింహాసనం కోసం పెనుగులాడాల్సి వచ్చినవాడు. ఇద్దరి మాటలకూ వ్యాసభారతంలో ఆధారాలున్నాయి. అయితే ఇద్దరూ కాలక్రమం వదిలేసి మాట్లాడతారు. రాజ్యం ఎవరిదన్నది అతడి జీవితంలో కొంతకాలం వరకు నిజమైన ప్రశ్నే. ఒక దశలో దానికి పరిష్కారం దొరికింది. ఆ తర్వాత అతడు చేసిన పనులను పాత హక్కుతో సమర్థించడం కుదరదు. అందుకే అతడి కథను వరుస తప్పకుండా చూడాలి.

అంతకన్నా ముందు, మూలంలో లేనివాటిని ఏరి పక్కన పెట్టుకోవాలి. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ దేశం నలుమూలల నుంచి సేకరించిన రాతప్రతులను పోల్చి, 1966 నాటికి మహాభారత సంశోధిత ప్రతిని పూర్తిచేసింది. దాంతో సరిచూస్తే మనం చిన్నప్పటి నుంచి విన్న కొన్ని ఘట్టాలు నిలవవు. శకుని పాచికలు తండ్రి ఎముకలతో చేసినవన్న కథ అందులో లేదు. దుర్యోధనుడి భార్యకు భానుమతి అన్న పేరు తర్వాతి నాటకాల ద్వారా స్థిరపడింది. గాంధారి కళ్లగంతలు విప్పి కొడుకు ఒంటిని వజ్రంలా చేసిందనీ, నడుముకు గుడ్డ కట్టుకోవడం వల్ల తొడలు మాత్రం మామూలుగా మిగిలాయనీ చెప్పే కథ కూడా జనంలో పుట్టిందే. తొడల బలహీనతకు వ్యాసుడు చెప్పిన కారణం వేరు, అది అరణ్యపర్వంలో వస్తుంది.

మయసభ సంగతి ఇంకా ముఖ్యం. ద్రౌపది పకపకా నవ్వి "గుడ్డివాడి కొడుకూ గుడ్డివాడే" అన్నదని అందరూ చెబుతారు. సంశోధిత ప్రతిలో ఆ మాట ఎక్కడా లేదు. కథకుడు చెప్పేటప్పుడు నవ్వినవాళ్లు సేవకులు, భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు. నీళ్లలో పడి తడిసిన దుర్యోధనుడికి ధర్మరాజు ఆజ్ఞతో పొడిబట్టలు తెచ్చి ఇచ్చారు. కొన్ని అధ్యాయాల తర్వాత దుర్యోధనుడు తండ్రికి అదే సంగతి చెప్పేటప్పుడు మాత్రం కృష్ణుడూ అర్జునుడూ నవ్వారనీ, ద్రౌపది కూడా స్త్రీలతో కలిసి నవ్విందనీ అంటాడు. ఆ సమయానికి కృష్ణుడు ద్వారకకు వెళ్లిపోయాడని కథకుడు ముందే చెప్పేశాడు. జరిగినదానికీ, అతడి మనసులో నాటుకున్నదానికీ ఎంత తేడా ఉందో వ్యాసుడు ఏ వ్యాఖ్యానమూ లేకుండా చూపించాడు. ఆ సభలో అతడికి అవమానం జరిగిన మాట నిజం. ఇంటికి తీసుకెళ్లి పెంచుకున్న అవమానం అంతకంటే పెద్దది.

పుట్టకముందే మొదలైన తగువు

గాంధారి రెండేళ్లు గర్భం మోసింది. కుంతికి ధర్మరాజు పుట్టాడని విని, దుఃఖం ఆపుకోలేక కడుపు మీద కొట్టుకుంది. ఇనుపగుండులాంటి మాంసపు ముద్ద బయటపడింది. వ్యాసుడు దానిపై చన్నీళ్లు చల్లించి, నూటొక్క ముక్కలుగా విడదీసి, నేతికుండల్లో భద్రం చేయించాడు. మొదటి కుండ నుంచి దుర్యోధనుడు వచ్చాడు. అతడూ భీముడూ పుట్టింది ఒకే రోజు. కాబట్టి ఆ తరంలో వయసుకు పెద్ద ధర్మరాజే, అందులో ఎవరికీ పేచీ లేదు.

కొడుకు పుట్టిన రోజునే ధృతరాష్ట్రుడు సభను పిలిచి అడిగిన ప్రశ్నను జాగ్రత్తగా చదవాలి. ధర్మరాజు పెద్దవాడు, రాజ్యం తన గుణాలతోనే పొందాడు, ఆ విషయంలో మేము అనేదేమీ లేదు, మరి అతడి తర్వాతైనా వీడు రాజవుతాడా అని అడిగాడు. తండ్రి నోటి నుంచి వచ్చిన మొదటి మాటే కొడుకును రెండో వరుసలో నిలబెట్టింది. అప్పుడే నక్కలు ఊళలు పెట్టాయి, గాడిదలు ఓండ్రపెట్టాయి. కులం కోసం ఒకణ్ని విడిచిపెట్టమని విదురుడూ బ్రాహ్మణులూ చెప్పారు. ధృతరాష్ట్రుడు విడవలేకపోయాడు.

హక్కు విషయంలో రెండు వైపులా చెప్పుకోదగ్గ మాటలున్నాయి. విచిత్రవీర్యుడి కొడుకుల్లో పెద్దవాడు ధృతరాష్ట్రుడు, కానీ చూపు లేనందువల్ల పట్టాభిషేకం పాండురాజుకు జరిగింది. పాండురాజు అడవికి వెళ్లి అక్కడే చనిపోయాడు, పాలన ధృతరాష్ట్రుడి చేతుల్లోనే సాగింది. దుర్యోధనుడి వైపు నుంచి చూస్తే, లోపం తండ్రి కళ్లలో ఉంది గాని తనలో లేదు. తండ్రికి ఉన్న అడ్డంకి కొడుక్కి ఎందుకు అంటాలి? ఇది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. పాండవులు దేవతల వరంతో పుట్టారు కాబట్టి పాండురాజు వారసులు కారనే వాదన మాత్రం నిలవదు. దుర్యోధనుడి తండ్రి కూడా నియోగం వల్ల, అంటే వంశం నిలవడానికి భర్త కాని మరొకరి ద్వారా సంతానం కనే ఆచారం వల్ల పుట్టినవాడే.

వంశంలో ఒక పూర్వ ఉదాహరణ ఉంది. ప్రతీపుడి పెద్దకొడుకు దేవాపికి చర్మరోగం ఉండటంతో పెద్దలూ పౌరులూ పట్టాభిషేకానికి ఒప్పుకోలేదు. రాజ్యం చిన్నవాడైన శంతనుడికి వెళ్లింది, ఆ తర్వాత అతడి సంతానానికే సంక్రమించింది. ఉద్యోగపర్వంలో ఈ ఉదాహరణను ఎత్తిచూపింది స్వయంగా ధృతరాష్ట్రుడే. అంగవైకల్యం వల్ల నాకు రాజ్యం రాలేదు, పాండురాజుకు వచ్చింది, అతడు పోయాక అది అతడి కొడుకులది అని చెప్పి, "నాకే భాగం లేనప్పుడు నువ్వెలా రాజ్యం కోరుతున్నావు" అని నిండుసభలో కొడుకును అడిగాడు. కానీ అప్పటికి చాలా ఆలస్యమైంది. ఈ మాట ముప్పై ఏళ్ల ముందు చెప్పి దాని మీదే నిలబడి ఉంటే కథ వేరు. నా దృష్టిలో ఈ కథలో అసలు దోషి వెతకాల్సి వస్తే, తెలిసీ చెప్పని ఆ తండ్రి దుర్యోధనుడికి ఎంతో దూరంలో లేడు.

భయం నుంచి విషం దాకా

చిన్నతనంలో భీముడు కౌరవులను బాగా ఏడిపించాడు. జుట్టుపట్టి నేలమీద ఈడ్చేవాడు, నీళ్లలో ఆడేటప్పుడు పదిమందిని ఒకేసారి చేతుల్లో ఇరికించుకుని ముంచేవాడు, పళ్లకోసం చెట్లెక్కితే కాండాన్ని తన్ని కిందికి రాల్చేవాడు. అది పిల్లచేష్టే గాని ద్రోహబుద్ధితో కాదని కూడా వ్యాసుడు చెబుతాడు. నీళ్లలో మునిగి ఊపిరాడని పిల్లలకు ఆ తేడా తెలియదు. ఇక్కడివరకు దుర్యోధనుడి మీద జాలి పడవచ్చు. గంగ ఒడ్డున ప్రమాణకోటిలో విడిది కట్టించి, భీముడి తిండిలో కాలకూటం కలిపి, స్పృహ తప్పినవాణ్ని తీగలతో కట్టి నదిలోకి తోయడంలో మాత్రం పిల్లచేష్ట ఏమీ లేదు. భీముణ్ని తొలగిస్తే మిగతావాళ్లను బంధించి తాను ఏలవచ్చని అతడు లెక్క వేసుకున్నాడని కూడా మూలం చెబుతుంది.

అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుడికి అంగరాజ్యం ఇచ్చిన ఘట్టం అందరికీ తెలిసిందే. రాజు కావడానికి మంచి కులంలో పుట్టడం, శౌర్యం, సైన్యాన్ని నడపగలగడం అనే మూడు మార్గాలున్నాయని దుర్యోధనుడు అక్కడ అంటాడు. శూరుల పుట్టుక, నదుల పుట్టుక తెలుసుకోవడం కష్టమనీ, ద్రోణుడు కలశంలో పుట్టాడనీ, కృపుడు రెల్లుగడ్డిలో పుట్టాడనీ గుర్తుచేస్తాడు. పద్యనాటకాల్లో, సినిమాల్లో మారుమోగిన ఆ వాదనకు బీజం మూలంలోనే ఉంది. అదే అధ్యాయం చివర ఇంకో వాక్యం ఉంది. కర్ణుడు దొరకగానే అర్జునుడి వల్ల కలిగిన భయం దుర్యోధనుడిలో చప్పున మాయమైందట. స్నేహమూ నిజమే, అవసరమూ నిజమే. ఒకటి రెండోదాన్ని అబద్ధం చేయదు. కర్ణుడు పోయాక అతడు పడిన శోకం అవసరం తీరిన మనిషి పడేది కాదు.

లక్కయింటికి ముందు అతడు తండ్రితో అన్న మాటలు అతడి జీవితం మొత్తానికి తాళంచెవి. ఊళ్లో కూడళ్లలో, సభల్లో జనం ధర్మరాజుకు పట్టం కట్టాలని మాట్లాడుకుంటున్నారని విన్నాడు. ఇప్పుడు అతడు రాజైతే తర్వాత అతడి కొడుకు, ఆ తర్వాత అతడి మనవడు రాజులవుతారు. మనమూ మన పిల్లలూ రాజవంశం నుంచే తప్పిపోయి, పరుల ముద్ద తింటూ, లోకానికి చులకనై బతకాలి అన్నాడు. ఇది అధికార దాహం ఒక్కటే కాదు, వంశపటం నుంచి చెరిగిపోతామన్న భయం. ఆ భయానికి కారణం ఉంది. దాని మందుగా అతడు ఎంచుకున్నది మాత్రం వారణావతంలో పురోచనుడితో కట్టించిన ఇల్లు. జనపనార, గుగ్గిలం, నెయ్యి, నూనె, లక్క మట్టిలో కలిపి గోడలకు పూయించారు. విదురుడు పంపిన తవ్వకపు పనివాడు సొరంగం తవ్వడంతో పాండవులు బయటపడ్డారు. ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకున్న ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు కాలిపోయారు. దుర్యోధనుడి పక్షం వాదించేవాళ్లూ, పాండవుల పక్షం వాదించేవాళ్లూ ఆ ఆరుగురి మాట ఎత్తరు. వాళ్ల ఊసు లేకుండా ఈ కథలో న్యాయం గురించి మాట్లాడటం తప్పు.

పంపకంతో తీరిన తగువు

ద్రౌపదీ స్వయంవరం తర్వాత పాండవులు బతికే ఉన్నారని తెలిసింది. హస్తినలో సమాలోచన జరిగింది. దుర్యోధనుడు అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలు పెడదాం, ద్రుపదుడిని డబ్బుతో లొంగదీసుకుందాం, భీముణ్ని రహస్యంగా చంపిద్దాం అని రకరకాల పథకాలు చెప్పాడు. కర్ణుడు అవేవీ పనిచేయవని తోసిపుచ్చి, నేరుగా యుద్ధానికి వెళదామన్నాడు. భీష్ముడు, ద్రోణుడు, విదురుడు సగం రాజ్యం ఇమ్మన్నారు. ధృతరాష్ట్రుడు ఖాండవప్రస్థం ఇచ్చాడు, పాండవులు ఒప్పుకున్నారు.

దుర్యోధనుడి హక్కుల వాదనకు హద్దు ఇక్కడే. అతడు భయపడినది జరగలేదు. హస్తినాపురం, పాత రాజధాని, పండిన భూములు అతడి వైపే ఉన్నాయి. పెద్దవాడైన ధర్మరాజు అడవి ప్రాంతం తీసుకుని ఇంద్రప్రస్థం కట్టుకున్నాడు. వంశపటంలో దుర్యోధనుడి స్థానం ఎవరూ చెరపలేదు. రెండు హక్కుల మధ్య రాజీ అంటే ఇదే, పైగా అది అతడికే లాభంగా కుదిరింది.

రాజసూయంలో కానుకలు స్వీకరించే పని అతడికి అప్పగించారు. దేశదేశాల రాజులు తెచ్చిన బంగారం, గుర్రాలు, ఏనుగులు, కంబళ్లు, దాసీజనం అన్నీ అతడి చేతుల మీదుగానే లోపలికి వెళ్లాయి. తర్వాత తండ్రికి ఎవరెవరు ఏమేం తెచ్చారో అధ్యాయాల కొద్దీ అప్పజెబుతాడు. అసూయకు ఇంత జ్ఞాపకశక్తి ఉంటుందని చూపించిన కవి మరొకరు లేరేమో. నువ్వు పట్టపురాణి పెద్దకొడుకువు, నీకూ అంతే సంపద ఉంది, పాండవులను ద్వేషించకు అని ధృతరాష్ట్రుడు నచ్చజెప్పాడు. దానికి జవాబు "అసంతోషః శ్రియో మూలం", అసంతృప్తే సంపదకు మూలం. ఈ జవాబులో తన వాటా దక్కలేదన్న ఫిర్యాదు లేదు. జూదం పాత హక్కు కోసం ఆడింది కాదనడానికి అతడి మాటే సాక్ష్యం.

ద్యూతసభలో అతడి తెలివి కూడా గమనించాలి. తన్ను తాను ఓడినవాడు భార్యను ఎలా పణంగా పెడతాడని ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడే తేల్చి చెప్పలేకపోయాడు. అప్పుడు దుర్యోధనుడు, ధర్మరాజు నీకు ప్రభువు కాడని ఈ నలుగురు తమ్ముళ్లు చెప్పనీ, నిన్ను విడిచిపెడతాను అన్నాడు. ఒక్క మాటతో ఆమె ప్రశ్నను అన్నదమ్ములను చీల్చే కత్తిగా మార్చాడు. ఆ వెంటనే ఎడమ తొడ మీద వస్త్రం తొలగించి ఆమెకు చూపించి, రాజనీతిజ్ఞుడన్న పేరును కూడా పోగొట్టుకున్నాడు. భీముడి ప్రతిజ్ఞ అక్కడే పుట్టింది. తర్వాత హితం చెప్పడానికి వచ్చిన మైత్రేయ మహర్షి ముందు తొడ చరిచి, కాలితో నేల గీస్తూ నిర్లక్ష్యంగా కూర్చున్నందుకు శాపం కూడా అదే తొడకు తగిలింది.

అడవిలో ఉన్న పాండవులకు తన వైభవం చూపించాలని, ఆవుల మందల లెక్క చూసే వంకతో ద్వైతవనానికి వెళ్లి గంధర్వులకు చిక్కాడు. విడిపించింది పాండవులే. ఆ సిగ్గుతో అన్నపానాలు మాని ప్రాయోపవేశానికి కూర్చున్నాడు, చావుకు నిజంగా సిద్ధపడ్డాడు. దానవులు అతణ్ని పాతాళానికి రప్పించి, నీ పై శరీరం శివుడు వజ్రాలతో చేసినది, కింది శరీరం దేవి పూలతో చేసినది అని చెప్పింది ఇప్పుడే. తొడల రహస్యం ఇదీ. భీష్మ ద్రోణుల్లోకి తాము ప్రవేశించి జాలి లేకుండా పోరాడేలా చేస్తామని కూడా వాళ్లు మాటిచ్చారు. గాంధారి కథ ఎంత ప్రచారంలో ఉన్నా, ఈ ఘట్టం దానికంటే చాలా లోతైనది. ఓటమిని ఒప్పుకుని ఆగిపోయే అవకాశం అతడికి ఒక్కసారి వచ్చింది, దాన్ని తప్పించడానికి పాతాళమే కదలాల్సి వచ్చింది.

సూదిమొనంత నేల వెనుక ఉన్న వాదన

కృష్ణరాయబారంలో "సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వను" అన్నది అందరికీ గుర్తుంది. దానికి ముందు అతడు చెప్పిన కారణాలు గుర్తుండవు. పాండవులు ఇష్టపడి జూదమాడారు, ఓడారు, ఓడిన సొమ్ము ఒకసారి తిరిగి ఇప్పించాం, మళ్లీ ఓడి అడవికి వెళ్లారు, ఇందులో మా తప్పేమిటి అన్నాడు. నేను బాలుణ్నై, పరాధీనుణ్నై ఉన్నప్పుడు, తెలియకో భయపడో పూర్వం ఇచ్చిన రాజ్యభాగం ఇకమీదట దక్కదు అన్నాడు.

ఈ "బాలుడు" అన్న మాట దగ్గరే కేసు వీగిపోతుంది. పంపకం జరిగింది ద్రౌపదీ స్వయంవరం తర్వాత. ఆ స్వయంవరానికి దుర్యోధనుడు కూడా వెళ్లాడు. అతడితో ఒకేరోజు పుట్టిన భీముడికి అప్పటికే హిడింబ వల్ల ఘటోత్కచుడు పుట్టాడు. మందిరంలో కూర్చుని పథకాలు వేసినవాడు తాను మైనరునని చెప్పడం చెల్లదు. జూదం మాట కూడా అంతే. రెండో జూదపు షరతు పన్నెండేళ్ల వనవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం. అది నెరవేరిందని భీష్ముడు విరాటనగరం వద్దే లెక్కగట్టి చెప్పాడు. ఐదూళ్లు చాలని ధర్మరాజు దిగివచ్చాక అతడు నిరాకరించినది వాటాను కాదు, ఒప్పందాన్ని.

అయినా యుద్ధం చివర్లో ఈ మనిషి ఎదుగుతాడు. కర్ణుడు పోయాక కృపాచార్యుడు సంధి చేసుకోమన్నాడు. దుర్యోధనుడి జవాబులో ఆత్మవంచన లేదు. మనం మోసం చేసినవాళ్లం, మనల్ని వాళ్లు ఎలా నమ్ముతారు? ద్రౌపది ఇప్పటికీ నేలమీదే పడుకుంటోంది. నా కోసం ఇంతమంది చచ్చాక, వాళ్ల రుణం తీర్చకుండా రాజ్యం మీద మనసు పెట్టలేను అన్నాడు. తప్పు తెలిసినవాడు, దిద్దుకునే వేళ దాటిపోయిందని కూడా తెలిసినవాడు మాట్లాడే తీరు ఇది.

అతడు దాక్కున్న ద్వైపాయన హ్రదమనే మడుగు నుంచి బయటికి రప్పించాక, మాలో ఎవరినైనా ఎంచుకుని గెలువు, రాజ్యం నీదే అని ధర్మరాజు మాటిచ్చేశాడు. కృష్ణుడు మండిపడ్డాడు. ఈ పదమూడేళ్లూ దుర్యోధనుడు ఇనుప భీముడి బొమ్మ మీద గద సాధన చేశాడు, బలం భీముడిది, నేర్పు ఇతడిది అన్నది కృష్ణుడి అంచనా. నకులుణ్నో సహదేవుణ్నో ఎంచుకుంటే యుద్ధం అక్కడితో తేలిపోయేది. అతడు ఆ పని చేయలేదు. నాభికి కింద కొట్టకూడదన్నది గదాయుద్ధ నియమం. భీముడు దాన్ని దాటి తొడలు విరగ్గొట్టాడు. నేలమీద పడి ఉన్న దుర్యోధనుడు భీష్ముడు, ద్రోణుడు, భూరిశ్రవుడు, కర్ణుడు ఎలా కూలారో ఒక్కొక్కటే ఎత్తి కృష్ణుణ్ని నిలదీశాడు. వేదాలు చదివాను, దానాలు చేశాను, భూమిని ఏలాను, శత్రువుల నెత్తిన నిలిచాను, నాకంటే మంచి ముగింపు ఎవరికుంది అన్నాడు. ఆకాశం నుంచి పూలు కురిశాయి, పాండవులు సిగ్గుపడ్డారు.

కథ అక్కడ ఆగితే వీరగాథ అయ్యేది. ఆ రాత్రి అశ్వత్థామను సేనాపతిని చేసింది కూడా అతడే. నిద్రలో ఉన్న ఉపపాండవులను, ధృష్టద్యుమ్నుణ్ని, శిఖండిని చంపి వచ్చాడని విని, భీష్ముడూ కర్ణుడూ నీ తండ్రీ చేయలేనిది నువ్వు చేశావు అని సంతోషించి ప్రాణం విడిచాడు. భాసుడి ఊరుభంగంలో మాత్రం అతడు బలరాముణ్ని శాంతింపజేసి, పాండవులను నన్ను సేవించినట్టే సేవించమని చిన్న కొడుకు దుర్జయుడికి చెబుతాడు. మనసు కరిగించే నాటకం అది. కానీ ఆ పశ్చాత్తాపం భాసుడిది, వ్యాసుడి దుర్యోధనుడిది కాదు. ఇద్దరినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం వాదనలు తెగవు.

అతడి పాలన సంగతి వేరే చెప్పాలి. ఆశ్రమవాసపర్వంలో ధృతరాష్ట్రుడు అడవికి వెళ్లేముందు ప్రజలను క్షమాపణ అడిగితే, వాళ్ల తరఫున సాంబుడనే బ్రాహ్మణుడు, దుర్యోధనుడు మాకు ఏ అపచారమూ చేయలేదు, తండ్రిని నమ్మినట్టు నమ్మి బతికాం అన్నాడు. భారవి కిరాతార్జునీయం మొదటి సర్గలోనూ వేగు తెచ్చిన వార్త ఇదే. జూదపు మోసంతో గెలిచిన భూమిని ఇప్పుడు మంచి పాలనతో గెలవాలని చూస్తున్నాడట. మన వేములవాడలో, రెండో అరికేసరి ఆస్థానంలో 941లో కన్నడ భారతం రాసిన పంపడు అర్జునుణ్ని నాయకుణ్ని చేసి కూడా, పట్టుదలకు దుర్యోధనుడినే ఉదాహరణగా చూపాడు. కేరళలో కొల్లం జిల్లా పోరువళి మలనడలో విగ్రహం లేని అరుగు మీద అతడికి పూజలు జరుగుతున్నాయి, కల్లు నైవేద్యంగా పెడతారు.

తెలుగులో ఇదంతా సొంతంగా సరిచూసుకోవాలంటే కవిత్రయ భారతంలో పద్దెనిమిది పర్వాలూ తిరగేయనక్కర్లేదు. పుట్టుక, లక్కయిల్లు, పంపకం నన్నయ ఆదిపర్వంలో, రాజసూయం, ద్యూతం సభాపర్వంలో ఉన్నాయి. ఘోషయాత్ర, ప్రాయోపవేశం ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ భాగంలో వస్తాయి. రాయబారాలకు తిక్కన ఉద్యోగపర్వం, గదాయుద్ధానికి శల్యపర్వం చూడాలి. చివరగా స్వర్గారోహణపర్వం. అక్కడ ధర్మరాజు స్వర్గంలో అడుగుపెట్టగానే దేవతల మధ్య వెలిగిపోతున్న దుర్యోధనుణ్ని చూసి కోపంతో వెనుదిరుగుతాడు. యుద్ధంలో ఒళ్లు ఆహుతి చేసి, భయం వచ్చినచోట భయపడకుండా ఈ లోకాన్ని సంపాదించుకున్నాడని నారదుడు చెబుతాడు.